లాంపు నంబరు లేని మనిషి

ముందుగాల ఒక మాట. నేనిప్పుడు మంచిగనే ఉన్న. పొద్దుగాల నాలుగు ఇడ్లీలు తిన్న, ఇంకో రెండు పెట్టినా వద్దనకపోదును. ఎందుకు చెప్తున్ననంటె, మా బీమారి పేరు ఎత్తంగనే మంది సావుకు వచ్చినట్టు ముఖం పెడ్తరు. ఆ ముఖం చూస్తె నాకు కోపమొస్తది. నాకు కోపం జర ఎక్కువనే.

నా పేరు మొగిలి. గోదావరిఖనిల బాయి పని, అంటె బొగ్గు గనిల. ఇరవై ఎనిమిదేండ్ల సర్వీసు. బాయి కాడ అందరు నన్ను రాతల మొగిలి అంటరు. సేఫ్టీ వారోత్సవాలు రాంగనే గోడల మీద పెద్ద పెద్ద అక్షరాలతోని జాగ్రత్తలు రాసేది నేనే. బొమ్మలు నాకు పెద్దగ రావు. అక్షరాలు మాత్రం కొలిచి పెట్టినట్టు వస్తయి.

ఇదంత రాయమన్నది పద్మ మేడం. మేము గోలీలు తెచ్చుకునే దవాఖానల కౌన్సిలర్ ఆమె. "గోడల మీద రాసింది చాలు మొగిలన్నా, ఇగ కాగితం మీద రాయి. నీ అసొంటోడు ఏడనో ఒక్కడే కూసొని ఏడుస్తుంటడు" అన్నది. సరె అంటి. నాకు హెచ్ఐవి ఉన్నదని తెలిసి ఇరవై ఏండ్లు. నా భార్య స్వరూపకు నా తోనే వచ్చింది. ఆమె ఎయిడ్స్‌తోని పోయింది, నేను మిగిలిన. మా బిడ్డ శిరీషకు మాత్రం మీ అమ్మ పసిరికలై, గదే కామెర్లై పోయిందని చెప్పిన. పద్దెనిమిదేండ్లు అదే మాట చెప్పుకుంట వచ్చిన.

ఇరవై ఏండ్ల కింద వానకాలంల నాకు జెరం పట్టుకున్నది, నెలైనా ఇడ్వలే. ఖనిల చూపిచ్చుకుంటె మనోళ్ళకు తెలుస్తదని కరీంనగర్ పోయిన. ముక్కుకు దస్తి కట్టుకొని వరండాల బెంచి మీద కూసున్న. పక్కన కూసున్నాయన కూడ దస్తి కట్టుకున్నడు. జర సేపటికి ఆయన దగ్గిండు. ఆ దగ్గు నాకెరుకే. మా బాయిల నాతోని షిఫ్టు చేసే పోచం. ఆయన కూడ మనోళ్ళ కండ్ల పడొద్దనే అంత దూరం వచ్చిండు. ఇద్దరం చూసుకోనట్టే కూసున్నం. వాపసు వచ్చేటప్పుడు కూడ ఒకటే బస్సు, ఆయన ముందల సీట్ల, నేను ఎనుక సీట్ల. బసంత్‌నగర్ కాడ బస్సు సగం ఖాళీ అయినా ఇద్దరం జాగలకెళ్ళి లేవలే. తెల్లారి బాయి కాడ "ఏం పోచమన్నా, మంచిదేనా" అంటె "మంచిదే తమ్మీ" అన్నడు. ఏడాది తిరగకముందే పోచం పోయిండు. ఇంటోళ్ళు టీబీ అన్నరు. మేం కూడ టీబీ అనే అన్నం.

నీకెట్ల వచ్చిందని అడుగుతరు. నా తప్పుతోనే వచ్చింది. తాగి, దోస్తులతోని తిరగరాని కాడ తిరిగిన రోజులుండె. అంతకంటె చెప్ప, మీకు సమజైతది. స్వరూపకు చెప్పిన రోజు ఆమె ఏం అనలే. మూడు రోజులు అన్నం వండి గిన్నె నా ముందల పెట్టి పోయేది, మాట లేదు. తిట్టినా బాగుండనిపిచ్చింది. నాలుగో రోజు ఆమెకు, బిడ్డకు రక్తం తీపిచ్చినం. బడిల పరీక్ష అని బిడ్డకు అబద్ధం చెప్పినం. ఫలితం కోసం బెంచి మీద కూసున్న ఆ మూడు గంటలు ఉన్నయి సూడు, బాయిల పైకప్పు కూలినప్పుడు కూడ నాకు అంత బుగులు కాలే. శిరికి లేదు. స్వరూపకు ఉన్నది. కాగితం చూసి స్వరూప ఒక్కటే మాట అన్నది. "నా బిడ్డకు లేదు కద. ఇగ నాకేమైనా కానియ్యి."

ఆ రోజు నుంచి ఆమె బిడ్డను దగ్గరికి రానియ్యలే. తన కంచం వేరు, గిలాస వేరు, చాప వేరు. శిరికి అప్పుడు ఐదేండ్లు. బడికెళ్ళి ఉరికొచ్చి ఒళ్ళె పడబోతె "ఆడనే ఉండు" అని చెయ్యి అడ్డం పెట్టేది. జడ కూడ పక్క క్వార్టర్ల రాజవ్వతోని ఏపిచ్చేది. తాకితె రాదు, కలిసి తింటె రాదు అని డాక్టర్ మా ఇద్దరికి చెప్పిండు. ఇద్దరం విన్నం. నేను మల్ల చెప్పబోతె "డాక్టర్‌కేం, పోతె పొయ్యేది నా బిడ్డ" అని నా మీదికే లేచేది. నేను గట్టిగ చెప్పలే. చెప్పే మొఖం నాకేడిది?

మందులు హైదరాబాద్‌ల ఇస్తున్నరని తెలిసేటప్పటికి ఆమె మంచం దిగే స్థితిల లేదు. రెండేండ్లకు, ఎండలు ముదిరినప్పుడు పోయింది. పోయే ముందు నా చెయ్యి తీసుకొని నెత్తి మీద పెట్టుకున్నది. "శిరికి ఎన్నడు చెప్పకు. వాళ్ళమ్మ ఇట్ల పోయిందని దానికి పేరు రావొద్దు. నా మీద ఒట్టు" అన్నది. ఆఖరి రోజు కూడ పిల్లను రాజవ్వ ఇంట్లనే ఉంచింది. మట్టి చేసి వచ్చినంక చూస్తె, శిరి ఏడుస్తలేదు. చిన్నపిల్ల కద, దానికేం తెలుసనుకున్నం.

మరుసటేడు నాకు మందులు మొదలైనయి. తిన్నది ఒంటికి పట్టింది, బాయికి పోయిన, పిల్లను పెంచిన. మంచి రోజులే అవి. ఒక్కటే ముల్లు. శిరి పదో తరగతిల ఫస్ట్ వచ్చిన రోజు నేను మురుసుకుంట "మీ అమ్మ ఉంటె ఎంత సంబురపడునో" అంటి. పిల్ల పుస్తకాలు సర్దుకుంట, నా దిక్కు చూడకుంటనే, "అమ్మకు నేనంటె పడకపోయేది కద బాపు" అన్నది. ఒట్టు ఒకదిక్కు, పిల్ల ఒకదిక్కు. బజారుకు పోతున్నన్నట్టు బయటికి నడిచిన.

రెండేండ్ల కింద సమ్మక్క జాతర కాడ నేను చేసిన మూర్ఖపు పని చెప్త, దయచేసి మీరు చెయ్యకుండ్రి. జాతరకు పోతె గోలీల డబ్బ ఇంట్ల మర్చిపోయిన. నాలుగు రోజులు ఏసుకోలే. ఏం కాలే. అరే, ఏం కాలే కదా, ఇన్నేండ్లాయె, బీమారి సగం సచ్చే ఉంటది అనుకున్న. ఇగ మానేసిన. నాకు నేనే డాక్టర్‌నైన. ఎనిమిది నెలలకు టీబీ పట్టుకున్నది. నలభై కిలోలకు వచ్చిన. ఆయాసానికి చెప్పులు తొడుక్కునుడు కూడ ఒక పనయ్యింది.

దవాఖానల టీబీ వార్డుల నెలన్నర ఉన్న. రోజు అడిగే మనుషులు ఇద్దరే. ఒకామె భూదవ్వ. నస్పూర్ ఆమె, గోలీల కోసం వచ్చే మనిషే, భర్త ఎల్లయ్య ఎన్నడో పోయిండు. నాకు ఒకటే వరుసల కూసున్న పరిచయం, అంతే. వచ్చినప్పుడల్ల బత్తాయి ఒలిచి సగం నా చేతిల పెట్టి సగం తను తినేది. మొదటిసారి ఆ తొన చేతిల పట్టుకొని నేను ఏడ్చిన. ఇంకొకాయన రాజలింగు కాక. మా బాయి లాంపు రూంల ముప్పై ఏండ్లు పనిచేసి దిగిపోయిండు. బాయి దిగేటోనికి నెత్తికి పెట్టుకునే లాంపు ఇచ్చుడు, ఎక్కి వచ్చినంక వాపసు తీసుకునుడు ఆయన పని. టిఫిన్‌ల జావ పోసుకొని బస్సెక్కి వచ్చేటోడు. ఆయనకు నేను టీబీ అనే చెప్పిన. అసలు బీమారి చెప్పలే.

శిరి అప్పటికి మంచిర్యాలల టీచరు. ఆదివారం ఆదివారం వచ్చి మంచం పక్కన స్టూల్ మీద కూసొని పిల్లల నోటుబుక్కులు దిద్దుకునేది. దానిక్కూడ టీబీ అనే చెప్పిన. డిశ్చార్జ్ అయిన్నాడు "ఇంట్ల అందరికి ఊపిరితిత్తులు, కాలేయాలు పాడైతయి, నాకేం పాడైతదో" అని నవ్వింది. నేను కూడ నవ్విన.

పోయిన చలికాలం నేను లేచి తిరుగుతున్నంక మా సంఘం రూంల ఒక ముచ్చట మొదలైంది. బీమారి ఉన్నోళ్ళం నెలకోసారి కూసొనే రూం అది, రేకుల షెడ్డు. పోయినోళ్ళ యాదికి ఏమన్న చేద్దామన్నది పద్మ మేడం. ఏడనో దేశాలల్ల పోయినోళ్ళ పేర్లు బట్టల మీద కుట్టి పరుస్తరట. మాకు ఆ ముచ్చట మంచిగనిపిచ్చింది. కని పేర్లు ఎవ్వరిస్తరు? ఫోటో ఎవ్వరిస్తరు? "మా ఆయన గుండెపోటుతోని పోయిండని చెప్పుకొని బతుకుతున్న, నా పరువు గోడకెక్కిస్తరా" అని భూదవ్వే లేచింది.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. బాయి దిగేటి ప్రతి మనిషికి లాంపు నంబరుంటది. పేరొద్దు, ఫోటో ఒద్దు. గోడ మీద లాంపు బొమ్మ, దాని కింద నంబరు. ఇంటోళ్ళకు తెలుస్తది, బయటోళ్ళకు తెల్వది. అందరు చప్పట్లు కొట్టిండ్రు. భూదవ్వ కూడ ఎల్లయ్య నంబరు చెవుల చెప్పింది. లాంపంటె ఒక గుండ్రం, ఒక పట్టీ, ఒక తీగ, గంత బొమ్మ నేను కూడ గియ్యగల. ఇరవై రోజులు కూసొని పదకొండు లాంపులు గీసిన. బొమ్మలు జర వంకరొచ్చినా నంబర్లు మాత్రం కొలిచి పెట్టినట్టు వచ్చినయి. ఇన్నేండ్లల్ల రాసిన రాతలన్నిట్ల అదే మంచి రాత అనుకున్న.

ఆఖరి రోజు అందరం చూసుకుంట నిలవడ్డం. బయట నా బండి కనవడి రాజలింగు కాక లోపలికి వచ్చిండు. మేమెవ్వరమో, అదేం రూమో ఆయనకు తెల్వదు. గోడ దిక్కు చూసిండు, ముఖం ఎలిగిపోయింది.

"ఓరి, పోచంగాడు! మొగిలి, పోచం లాంపు గీసినవేంది రా? గిదేమో కనకయ్యది, రామకృష్ణాపూర్‌కెళ్ళి బదిలి మీద వచ్చె సూడు. గిది ఎల్లయ్య, నస్పూర్ ఎల్లయ్య, నెలకోసారి లాంపు అద్దం పలగ్గొట్టుకొని వచ్చేటోడు..."

ఏలు పెట్టి చూపిచ్చుకుంట ఒక్కొక్క పేరు సదువుతున్నడు. బయటోనికి అది అంకెనే, బాయోనికి అది మనిషి. మా నంబర్లు మాకెరుకే, పక్కోని నంబరు కూడ ఎరుకే. ముప్పై ఏండ్లు లాంపులిచ్చిన మనిషి ఊర్ల తిరుగుతున్నడని కూడ ఎరుకే. అయినా అక్కడున్న పన్నెండు మందిల ఒక్కరికి తట్టలే. భూదవ్వ కొంగు నోట్ల కుక్కుకొని గోడ మూలకు జరిగింది.

పదకొండోది సదివినంక కాకకు ఏదో సమజైంది. మా ముఖాలు చూసిండు. నెమ్మదిగ కింద కూసున్నడు.

"వీళ్ళందరు... గా బీమారితోనేనా?"

నేను తల ఊపిన.

"పోచం లాంపు నేనే తుడిచి గూట్ల పెట్టిన. ఇంటోళ్ళు టీబీ అంటె టీబీ అనుకున్న. ఒక్కరన్న చెప్తె నేను పోయి పక్కన కూసుందును కద రా" అని కండ్లు తుడుసుకున్నడు. మల్ల నన్ను చూసిండు. నేను ఆ రూంల ఎందుకున్ననో ఆయనకు చెప్పేపని లేకపాయె. అడిగిండు.

"మరి స్వరూప ఏది?"

నాకు శెర్రున కోపమొచ్చింది. "ఆమెకు లాంపు నంబరు ఏడిది కాకా? ఆమె ఏమన్న బాయి దిగిందా?" అని అరిచిన. అరిచినంక నా మాట నాకే ఇనవడ్డది. గోడ మీద పదకొండు మంది, పదకొండు మంది మొగోళ్ళే. మా అసొంటోళ్ళల్ల పోయిన ఆడోళ్ళు ఎంతమంది! నంబరు ఆలోచన నాది. నా పెండ్లామే నాకు యాదికి రాలే. రాలేదో, నేనే రానియ్యలేదో, ఇప్పటికీ తెల్వదు. ఆ కాక ముందర నిలవడి పడ్డ సిగ్గు మల్లెన్నడు పడలే.

తెల్లారి కొందరు గోడకు సున్నం ఏద్దామన్నరు. వద్దన్నది భూదవ్వనే. "సచ్చినంక మా ఆయన పేరు ఎవ్వరన్న తీసిండ్రా? ఆ కాక అద్దం ముచ్చట చెప్తె నాకు నవ్వొచ్చింది అన్నా. ఎన్నేండ్లకు నవ్విన్నో. ఉండనియ్యి" అన్నది. కాక ఆ పేర్లు బయట ఎవ్వరి కాడ తియ్యలే, తియ్యడు కూడ. ఆడోళ్ళకు పేర్లే రాద్దామని అందరం ఒప్పుకున్నం, ఇంటోళ్ళు సరేనన్న కాడ. మా ఇంట్ల సరేననాల్సిన మనిషి ఒక్కతే.

ఆదివారం మంచిర్యాల పోయిన. శిరి చాయ్ పెట్టి ముందల కూసున్నది. మూడు మాటలల్ల చెప్పిన. ఇది నా బీమారి, మీ అమ్మకు నేనే తెచ్చిన, పసిరికలు అబద్ధం. నన్ను తిడ్తదనుకున్న. అది అడిగింది వేరే.

"గందుకేనా అమ్మ నన్ను దగ్గరికి రానియ్యకపోయేది?"

"అవు బిడ్డా. నీకు వస్తదని బుగులు. రాదని చెప్తె నమ్మకపాయె."

"నాకు జెరమొచ్చిన రోజు అర్ర తలుపు పెట్టుకున్నది. గడప కాడ కూసొని తలుపు గుద్దిన, తియ్యలే. నీకు యాదున్నదా?"

"యాదున్నది. నేను డ్యూటీ దిగి వచ్చి ఎనుక దర్వాజకెళ్ళి లోపలికి పోయిన. తలుపుకు ఈపు ఆనిచ్చి ఆమె కూడ గడప కాడనే కూసున్నది. నువ్వు గుద్దినప్పుడల్ల ఏడుస్తున్నది."

శిరి చాయ్ గిలాస కింద పెట్టింది. "ఈ ముచ్చట నాకు అప్పుడే చెప్తె ఏం పోయేది బాపు?"

"ఒట్టు పెట్టింది."

"నీ ఒట్టు మన్నువడ! అమ్మ పోయిన్నాడు నేను ఎందుకు ఏడ్వలేదో తెల్సా? ఇగ నన్ను ఎవ్వరు దూరం కొట్టరు అనుకున్న. గట్ల అనుకున్న బాపు నేను, మా అమ్మ సచ్చిపోతె!"

దగ్గరికి పోబోయిన. "నువ్వు పో. ఇప్పుడైతె పో" అన్నది. పేరు రాయాల్నా వద్దా నువ్వే చెప్పు, నువ్వు వద్దంటె రాయ అని దర్వాజ కాడ నిలవడి చెప్పి వచ్చిన. బస్టాండుల రెండు బస్సులు పోయినా ఎక్కబుద్ధి కాలే.

మూడు వారాలు ఫోన్ ఎత్తలే. కని రోజు మాపటికి ఎనిమిదింటికి ఒక మెసేజ్ వచ్చేది, "ఏసుకున్నవా" అని. "ఏసుకున్న" అని నేను పంపేటోన్ని. గోలీల ముచ్చట గది. అంతకుమించి ఒక్క అక్షరం లేదు. ఆ మూడు వారాలు నేను ఒక్క గోలీ తప్పలే. ఇది సదివేటోళ్ళకు కూడ చెప్తున్న, తప్పకుండ్రి. ఇంట్ల దాచకుండ్రి. తాకితె రాదంటె రాదు, పిల్లల్ని ఒళ్ళె కూసోపెట్టుకొండ్రి. నేను గట్టిగ చెప్పాల్సిన రోజు చెప్పలే, ఇప్పుడు గోడలకు, కాగితాలకు చెప్తున్న.

నాలుగో వారం మెసేజ్ మారింది. "ఆదివారం వస్త. నేనొచ్చినంక రాయి."

వచ్చింది. తెల్ల బట్టల మీద వచ్చింది. భూదవ్వను, కాకను పలకరిచ్చింది. ఒక్కొక్క లాంపు చూసింది, కాక పేర్లు చెప్పుతుంటె ఇన్నది. మల్ల నా కాడికి వచ్చి "ఎంత పెద్దగ రాస్తవు?" అన్నది.

"మీ అమ్మ ఎంతుండెనో అంత."

"ఎంతుండె? నాకు పండుకున్నదే యాదికున్నది."

నా గడ్డం కాడ చెయ్యి పెట్టి చూపిచ్చిన. గోడ మీద అంత ఎత్తుల గీత పెట్టి, ఆడికెళ్ళి నేల దాంక మూడు అక్షరాలు ఒకదాని కింద ఒకటి రాసిన, ఎర్ర రంగుతోని. స్వ. రూ. ప. కాక డబ్బ పట్టుకున్నడు. రెండు గంటలు పట్టింది.

నేను బ్రష్ కడుగుదామని పక్కకు తిరిగిన. తిరిగి చూసేవరకు శిరి గోడ కాడికి పోయింది. రెండు చేతులు చాపి, చెంప ఆనిచ్చి, అక్షరాలను కావలిచ్చుకొని నిలవడ్డది.

"పెయింటు పచ్చిగనే ఉన్నది బిడ్డా, బట్టలన్ని ఖరాబైతయి."

"కానియ్యి బాపు" అన్నది. జరగలే.